నాగార్జునకొండలో లాంచీ దిగాక: మా అనుభవం

నాగార్జునసాగర్ జలాశయం మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండకు వెళ్ళొచ్చామని చెప్పగానే మా బడిలో ఉపాధ్యాయులందరూ ముందుగా అడిగింది లాంచీ గురించే. లాంచీ బాగుంది, గాలి బాగుంది, నీళ్ళు బాగున్నాయి. నేను రాయాలనుకున్నది మాత్రం లాంచీ దిగిన తర్వాతి సంగతి. అటు ముప్పావుగంటకు పైగా, ఇటు అంతే సేపు ప్రయాణం చేస్తే ద్వీపం మీద మనకు దొరికేది సుమారు గంట. ఆ గంటలో మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకు రాజుల రాజధానిని చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలో, దేన్ని వదిలేయవచ్చో తెలియకపోతే తోటలో నాలుగు ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తాం. మాతో వచ్చినవారిలో చాలామంది అలాగే వచ్చేశారు. వాళ్ళను చూసి నాకు కష్టమనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేము వెళ్ళింది డిసెంబరు 14, రెండో శనివారం. ఆ రోజును ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ద్వీపం మీది మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, దానికి శుక్రవారం సెలవు. మా ఎదురింటివారు ఒక శుక్రవారం అంత దూరమూ వెళ్ళి, ఆనకట్టను మాత్రం చూసి తిరిగొచ్చారు. పైగా లాంచీ కదలాలంటే జనం ఉండాలి. మామూలు రోజుల్లో పది మంది కోసం అంత డీజిలు కాల్చడం ఎవరికీ గిట్టదు. సెలవు రోజైతే జనం వస్తారు. ముందురోజు ఫోను చేస్తే లాంచీ స్టేషన్ నుంచి వచ్చిన జవాబూ అదే: "మనుషులొస్తే నడుపుతామండీ, పొద్దున్నే రండి."

మేము అయిదుగురం: నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, మా అత్తయ్య, మా నాన్న. నాన్నకు డెబ్బై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆయన కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. ఆయన పుట్టింది కారెంపూడి దగ్గర పల్లెలో. సాగర్ ఆనకట్ట కడుతున్నప్పుడు మా తాత అక్కడ రాళ్ళు మోసే పనికి వెళ్ళాడు. అది యంత్రాలతో కట్టిన కట్ట కాదు, వేలమంది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. నాన్న ఆరేడేళ్ళ పిల్లవాడిగా తన తండ్రి వెంట వచ్చి కొన్నాళ్ళు ఆ కూలీల గుడిసెల్లో ఉన్నారు. ఆ రాజధాని ఉన్న లోయ అప్పటికింకా లోయే, జలాశయంలో మునగలేదు. మునిగిపోయాక దాన్ని చూడాలని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఈసారి అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఇక్ష్వాకుల పేరు చూసి "తాతయ్యా, నువ్వు చూశావా?" అని అడిగితే, "వెళ్దాం పద" అన్నారు.

పొద్దున్న అయిదింటికి గుంటూరు బ్రాడీపేట నుంచి అద్దె కారులో బయలుదేరాం. సత్తెనపల్లిలో టీ తాగాం. పిడుగురాళ్ళ దాటేటప్పటికి తెల్లవారింది. సున్నపు బట్టీల పొగ మంచులో కలిసి రోడ్డు సరిగ్గా కనబడలేదు, డ్రైవరు మెల్లగా నడిపాడు. దాచేపల్లి దగ్గర దారికిరువైపులా నాపరాళ్ళ గుట్టలు. మాచర్లలో ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, దద్దోజనం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాం. ద్వీపం మీద భోజనం దొరుకుతుందన్న భరోసాతో వెళ్ళకండి. నీళ్ళు కూడా మోసుకెళ్ళండి.

ఒక ముఖ్యమైన విషయం. సాగర్‌కు రెండు ఒడ్లు, రెండు ఊళ్ళు. ఫోనులో దారి చూసుకుంటూ వెళ్తే ఒక్కోసారి తెలంగాణ వైపు హిల్ కాలనీకి తీసుకెళ్తుంది. అక్కడ బుద్ధవనం ఉంది, అది వేరే చూడవలసిన చోటు. గుంటూరు, విజయవాడల నుంచి వచ్చేవారికి దగ్గరైన లాంచీ రేవు కుడి గట్టు మీది విజయపురి సౌత్. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక అది పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. నాన్నకు మాత్రం అది ఇప్పటికీ గుంటూరు జిల్లాయే.

తొమ్మిదికల్లా రేవు చేరాం. టికెట్ల కిటికీ తెరిచే ఉంది, కానీ మాతో కలిపి అక్కడున్నది ఇరవై మంది లోపు. "కాసేపు కూర్చోండి" అన్నారు. ఆ కాసేపు గంటన్నర దాటింది. ఎండ ఎక్కుతోంది, నాన్న బెంచీ మీద కదలకుండా నీళ్ళవైపే చూస్తున్నారు, అత్తయ్య మాత్రం లాంచీని పైకీ కిందికీ పరిశీలిస్తున్నారు. ఆమె భయానికి కారణముంది. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడ్డప్పుడు మేము విజయవాడలోనే ఉన్నాం. ఆ రాత్రి టీవీ ముందు నుంచి ఆమె లేవలేదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగింది కూడా ఆమె మరిచిపోలేదు. "లైఫ్ జాకెట్ అందరికీ ఇస్తేనే ఎక్కుతాను" అని ముందే చెప్పేశారు. నేనూ అదే చెబుతాను. జాకెట్టు తీసుకోవడమే కాదు, తాళ్ళు కట్టుకుని కూర్చోండి. పిల్లలకు సరిపోయే చిన్న జాకెట్లు అడిగి తీసుకోండి. అడిగితే లోపలి నుంచి తెచ్చి ఇచ్చారు.

పదిన్నర దాటాక విజయవాడ నుంచి ఒక బడి బస్సు వచ్చింది. పిల్లలు గోలగోలగా దిగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో పావుగంటలో లాంచీ నిండింది. పదకొండుకు కాస్త ముందు కదిలాం.

పై అంతస్తులో ఎండ, గాలి. కింద నీడ, ఇంజను మోత. పెద్దవాళ్ళకు కిందే నయం. కానీ నాన్న పైకే వస్తానన్నారు. ఆనకట్ట వెనక్కి జరిగిపోతుంటే, చుట్టూ నల్లమల గుట్టలు దగ్గరవుతుంటే, ఆయన వేలు పెట్టి ఒక్కో కొండనూ చూపించడం మొదలుపెట్టారు. పేర్లు గుర్తులేవు, ఆకారాలు గుర్తున్నాయి. లోయకు మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ: ఇక్ష్వాకులు ఇక్కడ తమ రాజధాని విజయపురిని కట్టడానికి అదే కారణమని పుస్తకాల్లో చదివాను. లాంచీ మీద కూర్చుని చూస్తే ఆ మాట పుస్తకం అవసరం లేకుండానే అర్థమవుతుంది. లాంచీ నడిపే సరంగు ఒకచోట చెయ్యి కిందికి చూపి "ఊరంతా ఈ నీళ్ళ కిందే ఉందమ్మా" అన్నాడు. బడి పిల్లలందరూ ఒక్కసారిగా అంచుకు వంగారు. వాళ్ళ మాస్టారు కేక వేసి వెనక్కి కూర్చోబెట్టారు.

ఆ వాక్యం విన్నాక నాకు కడుపులో ఏదో కదిలింది. బడిలో మూడో శతాబ్దం, నాలుగో శతాబ్దం అని బోర్డు మీద రాసి పిల్లల చేత ఏళ్ళ తరబడి వల్లె వేయించాను. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. ఆ నలుగురు ఇక్ష్వాకు రాజులూ నడిచిన వీధుల మీదుగా నేను డీజిలు పొగ పీలుస్తూ వెళ్తున్నాను.

పదకొండు నలభై అయిదుకు దిగాం. రేవు నుంచి పైకి మెట్లున్నాయి. జలాశయం నిండుగా ఉంటే ఎక్కవలసిన మెట్లు తక్కువ, నీరు తగ్గేకొద్దీ ఎక్కువ. డిసెంబరు కనుక నాన్నకు ఇబ్బంది తగ్గింది. వేసవిలో మోకాళ్ళ నొప్పులున్నవారిని తీసుకెళ్ళవద్దనే చెబుతాను. మెట్ల తర్వాత చెట్ల మధ్య నడక. దిగేటప్పుడే లాంచీ మనిషి "ఒంటిగంటకు కూత వేస్తాం" అని చెప్పాడు. అంటే గంటంపావు.

అందరూ తోటలో ఆగారు. నేను మాత్రం మావాళ్ళను నేరుగా మ్యూజియంకు నడిపించాను. ఇది నా గట్టి సలహా: ముందు మ్యూజియం, తర్వాతే బయటి కట్టడాలు. దీనికి కారణం ఉంది. మ్యూజియంలో మునిగిపోయిన లోయ మొత్తానికీ ఒక నమూనా ఉంది. కొండలు, నది, ఒడ్డున స్నానఘట్టాలు, స్తూపాలు, విహారాలు, కోట ఎక్కడెక్కడ ఉండేవో అందులో కనిపిస్తాయి. దాన్ని చూశాకే బయట మనం చూసేవి ఎక్కడివో తెలుస్తుంది. లేకపోతే ఈ కొండ మీది కట్టడాలన్నీ మొదటి నుంచీ ఇక్కడే ఉన్నాయనుకుంటాం. వీటిలో చాలావాటిని లోయలోంచి రాయి రాయీ విప్పి తెచ్చి, మళ్ళీ ఇక్కడ కట్టారు. ఆనకట్ట పని మొదలవుతుంటే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. ఒక పక్క గోడ పైకి లేస్తోంది, ఇంకో పక్క వీళ్ళు నేల కిందికి దిగుతున్నారు.

నాన్న ఆ నమూనా ముందు చాలా సేపు నిలబడ్డారు. "ఈ వాగు పక్కన గుడిసెలు ఉండేవి. ఇదిగో, ఈ మట్టిదారిన నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకొచ్చాడు. ఇక్కడ గుంటలు తవ్వి తాళ్ళు కట్టి ఉండేవి. దగ్గరికి పోనిచ్చేవారు కాదు" అన్నారు. అమ్మాయి తన నోటుపుస్తకంలో ఆ వాగు గీసుకుంది. ఆయన చెప్పిన చోటు సరైనదో కాదో తేల్చే మార్గం నాకు లేదు, తేల్చాలని కూడా లేదు.

మ్యూజియంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చెప్పను. రెండింటి దగ్గర మాత్రం తప్పక ఆగండి. ఒకటి నిలబడి ఉన్న నిలువెత్తు బుద్ధుడు. మన పలనాటి సున్నపురాయి లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రాయిలో వస్త్రపు మడతలు చూస్తే చెయ్యి చాచి తాకాలనిపిస్తుంది. తాకకూడదు, అక్కడి ఉద్యోగి గమనిస్తూనే ఉంటాడు. రెండోది ఛాయాస్తంభాలు. చనిపోయినవారి జ్ఞాపకంగా నిలబెట్టిన రాళ్ళివి. శాంతమూల మహారాజు కోసం నిలబెట్టినదానిమీద ఆయన రాణుల పేర్లూ బంధువుల పేర్లూ చెక్కారు. రాజులకే కాదు, యుద్ధంలో పడిపోయిన సైనికులకూ, పనివారికీ ఇలాంటి స్తంభాలు ఎత్తారు. రాళ్ళు మోసిన మనిషి కొడుకును పక్కన పెట్టుకుని వాటిని చూస్తుంటే నాకు కళ్ళు తడిశాయి. మా తాత పేరు ఆనకట్ట మీద ఎక్కడా ఉండదు.

మ్యూజియం ముగిసేసరికి పన్నెండున్నర. ఇంకా అరగంట ఉంది. బయట మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద స్తూపం, వరకు వెళ్ళాం. పునాది మాత్రమే ఉంది, పై గుమ్మటం లేదు. కానీ పునాదే చూడవలసినది: ఎడ్లబండి చక్రంలా మధ్యలో కుండ, దాని నుంచి ఆకులు, చుట్టూ కమ్మి. ఇటుకతో అలా గదులు గదులుగా కట్టి మధ్య మట్టి నింపారు. అసలు స్తూపం వ్యాసం 106 అడుగులు. వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో దీన్ని పూర్తి చేయించింది శాంతిశ్రీ, శాంతమూల మహారాజు సోదరి. ఇక్కడి రాజులు వైదిక యజ్ఞాలు చేశారు, వారి ఇళ్ళలోని స్త్రీలు బౌద్ధ విహారాలకు స్తంభాలెత్తారు. భట్టిదేవి ఒక విహారం కట్టించింది, కోడబలిశ్రీ ఇంకొకటి. ఈ పేర్లన్నీ రాతి మీద మిగిలాయి. మా అమ్మాయికి రాజుల పేర్ల కన్నా ఈ పేర్లే బాగా నచ్చాయి, వెంటనే రాసుకుంది.

స్తూపంలో చిన్న బంగారు పేటిక, అందులో ఎముక ముక్క దొరికాయి. 1927 నుంచి 1931 వరకు తవ్వకాలు జరిపిన లాంగ్‌హర్స్ట్ కాలంలో అది బయటపడింది. అంతకు ముందు, 1926లో, ఈ లోయలో ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేసింది సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు. ఆ సంగతి చదివినప్పటి నుంచీ నాకు ఆయన మీద ఎంతో గౌరవం. ప్రతి ఊళ్ళోనూ ఒక బడిపంతులు తన చుట్టూ ఉన్న రాళ్ళను అలా చూడగలిగితే ఎన్ని బతికి బయటపడేవో.

ఒంటిగంటకు కూత వినిపించింది. బడి పిల్లలు పరుగెత్తారు. నాన్న మహాచైత్యం దగ్గర రాతి మీద కూర్చుని ఉన్నారు. సింహళ విహారం చూడలేదు, స్నానఘట్టం చూడలేదు, కోట గోడ దూరం నుంచి కనిపించిందంతే. "నువ్వు వెళ్ళమ్మా, నేను ఇంకాసేపు ఉంటాను" అన్నారు నాన్న. ఉండటం కుదురుతుందా అని నేను రేవుకు పరుగున వెళ్ళి అడిగాను. టికెట్టు చూసి, కాసేపు ఆలోచించి, "రెండో లాంచీ వస్తే అందులో రావచ్చు. జనం లేకపోతే రాదు. అప్పుడు సాయంత్రం మ్యూజియం వాళ్ళతో రావాలి" అన్నారు. ఈ మాట అందరికీ వర్తిస్తుందని నేను చెప్పలేను. మీరు వెళ్ళినప్పుడు ఎక్కకముందే అడిగి, ఒప్పుకుంటేనే ఆగండి.

అత్తయ్య ససేమిరా ఒప్పుకోలేదు. మావారు ఆమెను తీసుకుని మొదటి లాంచీలోనే వెళ్ళిపోయారు. వెళ్తూ "ఫోను చేస్తూ ఉండు" అన్నారు. ద్వీపం మీద సిగ్నల్ ఒక్కోచోట అందుతుంది, ఒక్కోచోట పోతుంది. ఎత్తున్న చోట నిలబడితే మాట్లాడగలిగాం.

లాంచీ మోత దూరమయ్యాక ద్వీపం ఒక్కసారిగా ఖాళీ అయింది. మేము ముగ్గురం, తోటమాలి, మ్యూజియం ఉద్యోగులు. నీడ చూసుకుని పులిహోర తిన్నాం. నిజం చెప్పాలంటే ఆ గంటన్నరలోనే నేను నాగార్జునకొండను చూశాను. ముందు గంటంపావు గడియారాన్ని చూడటంతోనే సరిపోయింది.

సింహళ విహారం దగ్గర బోధిశ్రీ గురించి అమ్మాయికి చెప్పాను. ఆమె రాణి కాదు, ఒక ఉపాసిక, అంటే సన్యసించని బౌద్ధ భక్తురాలు. తామ్రపర్ణి ద్వీపం నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యం కట్టించింది. ఆ శాసనంలో వాళ్ళు బౌద్ధాన్ని తీసుకెళ్ళిన దేశాల పేర్లున్నాయి: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన, ద్రవిడ. ఈమె దానం చేసిన చోట్లలో కంటకసెల కూడా ఉంది, అదే మన కృష్ణా జిల్లా ఘంటసాల. సముద్రపు ఓడలు ఆగే రేవు అది. అక్కడి నుంచి కృష్ణ వెంట పైకి వస్తే విజయపురి. తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికింది కూడా అందుకే. వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకరైన రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు. అమ్మాయి భూగోళం పటంలో ఈ పేర్లన్నీ గుర్తించాలని నోటుపుస్తకంలో ఒక పేజీ ఖాళీగా ఉంచింది.

స్నానఘట్టం చూసి నాన్న ఆశ్చర్యపోయారు. మెట్లు అంత నున్నగా, అంత సమంగా ఎలా తీర్చారో ఆయనకు అంతుబట్టలేదు. నాపరాయి గురించి పలనాటివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు కదా. ఒక్కో పలక అంచునూ అరచేతితో తడిమి చూసి, "సున్నం లేకుండా కూర్చోబెట్టారు చూడు" అన్నారు. కోట గోడ దాకా నడవలేకపోయారు; నేను, అమ్మాయి వెళ్ళి చూసి వచ్చాం. అది ఇక్ష్వాకులది కాదు, వారి తర్వాత ఎన్నో వందల ఏళ్ళకు రెడ్డిరాజుల కాలంలో కట్టినది. సమయం తక్కువైతే వదిలేయగలిగింది ఇదొక్కటే.

రెండుంబావుకు రావలసిన లాంచీ రాలేదు. రెండున్నరకూ రాలేదు. నీళ్ళ మీద చుక్క కూడా కనబడకపోతే నాలో ఆందోళన మొదలైంది. నాన్న వేసుకోవలసిన బీపీ మాత్ర అత్తయ్య సంచిలో ఉండిపోయింది. రెండింటికి ఫోను చేసినప్పుడు మావారు అవతలి రేవులో ఇంకా జనాన్ని లెక్కపెట్టి చెబుతున్నారు: "పద్దెనిమిది మంది ఉన్నారు... ఇప్పుడొక కుటుంబం వచ్చింది." ఆ అరగంట చాలా పొడుగ్గా గడిచింది. చివరికి మూడింటికి కాస్త ముందు గుట్ట మలుపులో తెల్లగా కనబడింది. వచ్చినవాళ్ళు చూసి తిరిగి ఎక్కేదాకా మేమూ ఆగాలి. ఆ సమయంలో అమ్మాయి మరోసారి మ్యూజియంకు వెళ్ళి ఛాయాస్తంభాలను నోటుపుస్తకంలో గీసుకుంది. ఒడ్డు చేరేటప్పటికి నాలుగు నలభై. అత్తయ్య మాత్ర చేతిలో పట్టుకునే నిలబడ్డారు. నన్ను ఏమీ అనలేదు, నాన్నకు నీళ్ళ సీసా అందించారు.

పెద్దవారితో వెళ్తుంటే మందులు ఎవరివి వారి జేబులోనే ఉండాలి. ఒకవేళ మీరూ రెండు జట్లుగా విడిపోవలసి వస్తే తిండీ నీళ్ళూ కూడా రెండుగా పంచుకోండి.

పొద్దు వాలుతోంది. ఎత్తిపోతలకు వెళ్ళాలా, అనుపుకు వెళ్ళాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. డ్రైవరు ఎత్తిపోతలకే వెళ్దామన్నాడు, అది తిరుగుదారిలోనే ఉంది. నేను పట్టుబట్టి అనుపుకు తీసుకెళ్ళమన్నాను. చంద్రవంక దూకే ఆ జలపాతం ఇంకోసారి చూడవచ్చు; కొండ మీద చూసిన నగరంలో సగభాగం అనుపులో ఉంది. ద్వీపం మీదికి తేలేని కట్టడాలను కుడి గట్టున అక్కడ మళ్ళీ కట్టారు. లాంచీ దిగినవాళ్ళలో పదోవంతు కూడా అటు వెళ్ళరు. లాంచీ టికెట్టుకు డబ్బు, ఓపిక రెండూ ఖర్చు చేసినవారు ఇంకో పావుగంట కారులో వెళ్తే ఇక్ష్వాకుల రంగస్థలి చూడవచ్చు, అదీ జనం రద్దీ లేకుండా.

రంగస్థలి మధ్య చదునైన వేదిక, చుట్టూ రాతి మెట్ల వరుసలు. మూసే వేళ దగ్గరపడింది, కాపలా ఆయన "పది నిమిషాలే" అని లోపలికి పంపారు. నాన్న పై మెట్టు మీద కూర్చున్నారు. అమ్మాయి కింద వేదిక మధ్య నిలబడి మామూలు గొంతుతోనే ఒక శతకపద్యం చదివింది. ప్రతి అక్షరమూ పైదాకా వచ్చింది. నాన్న చెవులు సరిగ్గా వినపడక ఇంట్లో టీవీ శబ్దం పెంచుకునే మనిషి. ఆయన మూడో పాదం తానే అందుకుని పూర్తి చేశారు. కాపలా ఆయన పది నిమిషాలను ఇరవై చేశారు. కొంచెం పైన ఉన్న హారీతి గుడి దగ్గరికి అత్తయ్య వెళ్ళి వచ్చారు. పిల్లలను కాపాడే తల్లి అని నేను చెప్పగానే ఆమె అక్కడ దణ్ణం పెట్టుకున్నారు.

ఇక ఖర్చు సంగతి. కారు అద్దె, డీజిలు, డ్రైవరు బత్తా కలిపి ఆరు వేల లోపు అయింది. అయిదుగురి లాంచీ టికెట్లకు అయింది అందులో చిన్న భాగమే. మ్యూజియం టికెట్టయితే చెప్పుకోదగ్గ ఖర్చే కాదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు మ్యూజియం ఉచితం. కారు వద్దనుకుంటే గుంటూరు నుంచి మాచర్లకు బస్సులూ రైలూ ఉన్నాయి, మాచర్ల నుంచి సాగర్‌కు బస్సులో ఆటోలో చేరవచ్చు. అలా వెళ్ళేవారు రాత్రి మాచర్లలో గానీ విజయపురి సౌత్‌లో గానీ ఉండి పొద్దున్నే రేవుకు వెళ్తే మంచిది. లాంచీ కోసం ఆగిన గంటన్నర, తర్వాత దొరికిన గంటన్నర, ఇవేవీ ఒకే రోజు బస్సు వేళల్లో ఇమడవు.

విజయవాడ నుంచి వచ్చే బడులవారికి ఒక మాట. పిల్లలను ముందుగా దగ్గరలోని ఒక మ్యూజియంకు తీసుకెళ్ళండి. గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం, విజయవాడలో బాపు మ్యూజియం ఉన్నాయి. బాపు మ్యూజియంలో అల్లూరు నుంచి తెచ్చిన తెల్లని బుద్ధుడున్నాడు. ఆయక స్తంభం అంటే ఏమిటో, చైత్యం అంటే ఏమిటో అక్కడే తెలిసిపోతే ద్వీపం మీద ఆ ఒక్క గంటా వివరణలకు పోదు. మాతో లాంచీలో వచ్చిన పిల్లల్లో సగంమంది మ్యూజియం గుమ్మం దాకా రాలేదు. తప్పు పిల్లలది కాదు, వాళ్ళకు తోట తర్వాత ఏముందో చెప్పినవాళ్ళు లేరు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాం. జనవరి సెలవుల్లో మా ఎనిమిదో తరగతిని తీసుకెళ్ళడానికి ప్రధానోపాధ్యాయురాలిని అడిగాను. నలభై ఇద్దరు పిల్లలు. అంతమంది ఉంటే లాంచీ మనకోసమే కదులుతుంది, తిరిగి వచ్చే వేళ ముందే మాట్లాడుకోవచ్చు. ద్వీపం మీద రెండు గంటలు అడగబోతున్నాను.